కదపని కుండ

“—అదే నేనూ అడిగేది సార్, రేపు బియ్యం మిల్లులో కూర్చోబోయేవాడికి ఈ పాచికలతో ఏం పనని.”

“పని ఉందో లేదో పుస్తకం తెరిస్తే తెలుస్తుంది.”

“తెరిచినాను సార్. సంచిలో ఎర్ర గోళీలు, తెల్ల గోళీలు ఉండాయంట. చూడకుండా ఒకటి తియ్యాలంట. మేము బీకాం చదివేదానికి వచ్చినాం గాని గోళీలాడేదానికి కాదు గదా.”

గదిలో నవ్వులు లేచాయి. వరండాలో నిలబడ్డ పిచ్చమ్మ తలమీది ఎండు రొయ్యల గంప దించకుండానే ఆ నవ్వులు విన్నది. అడుగుతున్న కుర్రాడెవరో ఆమెకు తెలియదు. జవాబు చెబుతున్న గొంతు మాత్రం తమ్ముడు ముత్యాలయ్యది. నెల్లూరు కాలేజీలో వాడు స్టాటిస్టిక్స్ చెప్పే ట్యూటరు. ఆ మాట ఆమెకు నోరు తిరగదు. ఎవరైనా అడిగితే “మావాడు చీట్ల లెక్క చెప్తాడు” అనేది. సెలవలకు వచ్చినప్పుడు ఒకసారి, కుండలోంచి చీట్లు తీస్తే దేనికి ఎంత అవకాశమో లెక్కగట్టవచ్చని వాడు అన్నాడు. ఆ ఒక్క మాటను పట్టుకుని ఆమె పొద్దున్నే సూళ్లూరుపేటలో రైలెక్కింది.

ఎక్కినప్పుడే కోపంగా ఉంది. నాయుడుపేట దాటి, గూడూరు దాటి వచ్చేసరికి ఆ కోపం ఇంకా పెరిగింది. పెట్టెలో తగువు పెట్టుకోదగ్గ మనిషి ఒక్కరూ దొరకలేదు. ఇప్పుడు తమ్ముణ్ణి ఎవడో పదిమందిలో నవ్వులపాలు చేస్తుంటే ఆమె కాళ్లు వాటంతట అవే గుమ్మం వైపు నడిచాయి.

పిచ్చమ్మ కోపం తెల్లదిబ్బలో అందరికీ తెలిసిందే. పుట్టింట్లోనే దానికి పేరుంది. ముత్యాలయ్యను బోర్డు స్కూల్లో వేసినప్పుడు, బట్టలకు చేపల వాసనొస్తోందని హెడ్మాస్టరు వాణ్ణి వరండాలో కూర్చోబెట్టాడు. ఆ సంగతి తెలిసిన మర్నాడు పిచ్చమ్మ పచ్చి చేపల గంపను తీసుకుపోయి హెడ్మాస్టరు గది గుమ్మంలో దించి, దాని పక్కన తానూ కూర్చుంది. కేకలు వెయ్యలేదు. తిట్టలేదు. ఎండ ఎక్కేకొద్దీ గంప తన పని తాను చేసుకుపోయింది. మధ్యాహ్నానికి ముత్యాలయ్య లోపల బెంచీ మీద ఉన్నాడు. అప్పటికి ఆమెకింకా పెళ్లి కాలేదు.

పెళ్లయి వచ్చిన తెల్లదిబ్బ, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న చేపలవాళ్ల కుప్పం. చూసేవాళ్లకు సరస్సంతా ఒకటే నీళ్లు. వల దించేవాళ్లకు అట్లా కాదు. సముద్రపు పోటు లోపలికి వచ్చే మొగ దగ్గర రొయ్య దండిగా పడుతుంది. ఊరి రేవు పక్కన మోకాటి లోతు నీళ్లు, అడుగున బురద. అక్కడ వల దించితే నాచూ, పీతపిల్లలూ పైకొస్తాయి. అందుకని ఎవరు ఎక్కడ వల దించాలన్నది ఎవరి ఇష్టానికీ వదలరు. ఏటా దీపావళి అమావాస్య దాటాక అమ్మవారి గద్దె ముందు కుండ పెడతారు. ఇంటికొక బెండు అందులో పడుతుంది. బెండంటే వల తేలడానికి కట్టే తేలిక కొయ్యముక్క. దానిమీద ఆ ఇంటి గుర్తు చెక్కి ఉంటుంది. అన్నీ పడ్డాక పూజారి కళ్లకు గుడ్డ కట్టుకుని ఒక్కొక్కటే తీస్తాడు. మొదట వచ్చిన బెండుకు రేవు పక్క చోటు, తర్వాత వచ్చినదానికి దాని అవతలి చోటు, అట్లా పడవ పోయే దారినే పోయి చివరి బెండుకు మొగ. ఏడాదంతా ఆ చోటు ఆ ఇంటిదే. ఎంత పెద్దమనిషైనా మార్చుకోవడానికి లేదు.

పిచ్చమ్మ మామ వేరే కుప్పం నుంచి బతుకుతెరువుకు వచ్చినవాడు. ఆయన పోయి చాలా కాలమైనా, ఆ ఇల్లు ఇంకా వచ్చినవాళ్ల ఇల్లే. ఆ ఇంటికి మొగ దొరికిన ఏడు పిచ్చమ్మకు పెద్ద పిల్ల పుట్టింది. ఇప్పుడు ఆ పిల్లకు ఓణీలు వేస్తున్నారు. నడుమ అంతా బురదే. ఒకటి రెండుసార్లు కాస్త నయమైన చోటు వచ్చింది, అంతే.

పోయిన నెల ఆమె మొగుడు గంగులయ్య రేవులో వల బాగుచేసుకుంటూ, వినేవాళ్లు వింటుండగా ఒక మాట అన్నాడు. పూజారి కళ్లకు గుడ్డ కడుతున్నారు గాని వేళ్లకు కట్టడం లేదన్నాడు. గుర్తులు తడిమి, కుప్పానికి పెద్దైన పెదకాపు ఇంటి బెండును మొగ దాకా ఆపుతున్నాడన్నాడు. సాయంత్రానికి ఆ మాట పెదకాపు కామాక్షయ్య ఇంటికి చేరింది. పూజారి మస్తానయ్య రెండు రోజులు అన్నం ముట్టలేదట. కుప్పం పంచాయితీ కూర్చుంది. గంగులయ్య అమ్మవారి ముందు దీపం పట్టుకుని, నేనన్నది అబద్ధమని చెప్పాలి. చెప్పకపోతే ఈ ఏడు ఆ ఇంటి బెండు కుండలో పడదు. బెండు పడని ఇంటికి సరస్సులో చోటు ఉండదు. సొంత వలను అటక మీద పడేసి ఇంకొకరి పడవలో కూలికి పోవాల్సిందే.

గంగులయ్య దీపం పట్టనన్నాడు. పట్టమని పిచ్చమ్మ కూడా చెప్పలేదు. ఆ మాటను ఆయన రేవులో అన్నది ఒక్కసారే. ఇంట్లో ఆమె ఏళ్ల తరబడి అంటూనే ఉంది.

“సార్, ఎండు రొయ్యలు కూడా సిలబస్సులో చేర్చినారా?”

ఆమె గుమ్మంలోకి రాగానే ఇందాకటి గొంతే అంది. ముందు బెంచీలో కూర్చున్న కుర్రాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. పేరు చెంచురామయ్య అని తర్వాత తెలిసింది.

“మీ ఇంట్లో ఒట్టి బియ్యమే నముల్తారా అబ్బయ్యా, కూర వద్దా?” అంది పిచ్చమ్మ, గంప గుమ్మం పక్కన దించుతూ.

ఈసారి నవ్వు చెంచురామయ్య మీదికి మళ్లింది. ముత్యాలయ్య చెవులు ఎర్రబడ్డాయి. సుద్దముక్కను బల్లమీద పెట్టాడు.

“మా అక్క” అన్నాడు క్లాసుతో. నవ్వు ఆగింది. “అక్కా, గంట కొట్టేదాకా వరండాలో కూర్చో. వస్తా.”

“కూర్చునేదానికి రాలేదు. ఎల్లుండి కుండ పెడుతుండారు. నువ్వు రావాల. పూజారి చేసేది దొంగతనమని, కాలేజీలో ఈ లెక్కే చెప్పేవాడివి, నువ్వొచ్చి నలుగురి ముందర చెప్పాల.”

“ఇక్కడ కాదక్కా.”

“ఎందుక్కాదు? కుండలోంచి గోళీలు తీసే లెక్క ఇదే గదా. ఈ అబ్బయ్యకు అక్కర్లేదంట. నాకు కావాల. నాకు చెప్పు.”

ఆ గదిలో కామర్సువాళ్లు, ఎకనామిక్సువాళ్లు, జువాలజీవాళ్లు కలిసి కూర్చుని ఉన్నారు. అది అరవై మూడో సంవత్సరం. ఏ సబ్జెక్టు తీసుకున్నవాళ్లైనా ఈ పేపరు చదివి తీరాలని ఆ ఏడే కాలేజీలో పెట్టారు. ఎవరికీ ఇష్టం లేదు. మాకు వద్దని చెంచురామయ్య అందరి చేతా సంతకాలు పెట్టిస్తున్నాడని ముత్యాలయ్యకు ఆ పొద్దునే తెలిసింది. ఆ కోపం వాడిలోనూ ఉంది. అక్కను బయటికి పంపకుండా, బల్లకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

“సరే. చెప్పు. అందరూ వినండి.”

పిచ్చమ్మ చెప్పింది. తగువు చెప్పడం ఆమెకు కొత్త కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ మాట దగ్గర ఆగాలో తెలుసు. బెండ్ల సంగతి, బురద సంగతి, మస్తానయ్య వేళ్ల సంగతి, దీపం సంగతి. ఆమె ఆగేసరికి వెనక బెంచీల్లో గుసగుసలు కూడా లేవు.

“కుండలో ముందు ఎవరి బెండు వేస్తారు?” అని అడిగాడు ముత్యాలయ్య.

“ఇదేం ప్రశ్న? పెదకాపుది.”

“ఆ తర్వాత?”

“పాత ఇళ్లవి, వరసన. మర్యాద ఉంటుంది గదా.”

“చివర?”

“ఆదిశేషమ్మది. ఆమె తర్వాత మాది. మా తర్వాత ఎవరూ లేరు.”

“అన్నీ వేసినాక కుండను కుదుపుతారా?”

“అమ్మవారి ముందర పెట్టిన కుండను కుదిపేదేంది? ఖాళీ అయ్యేదాకా దాన్ని ఎవరూ తాకరు. నువ్వు పుట్టింది కుప్పంలో కాదా? తెలియనట్టు అడుగుతుండావు.”

ముత్యాలయ్య తెలియక అడగలేదు. వాడికి నిజంగానే తెలుసు. చిన్నప్పుడు తమ కుప్పంలోనూ అమ్మ పక్కన నిలబడి చూశాడు. ఇన్నేళ్లూ ఆ కుండ ఒకచోట, పుస్తకంలోని గోళీల సంచి ఇంకొకచోట ఉండిపోయాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

జువాలజీ వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. “సార్, నా రికార్డు మీరు తిప్పి పంపించినారే, అట్టాంటిదేనా ఇది?”

“చెప్పు ఇందిరమ్మా.”

“తొట్టిలో చేపపిల్లలను కొలిచి రాయమన్నారు. నేను వలతో పైపైన తీసి కొలిచినాను. జబ్బువే పైకి తేలుతాయి, అవే వలలో పడతాయి, మిగతావాటి సంగతి నీకు తెలియలేదు, మళ్లీ కొలవమన్నారు. ఆరోజు మీమీద నాకు శానా కోపమొచ్చింది సార్.”

“ఇప్పుడు?”

“ఇప్పుడూ ఉంది. కానీ అర్థమైంది.”

చెంచురామయ్య ఊరుకోలేకపోయాడు. “పైనుండేది ముందొస్తుందని చెప్పేదానికి ఇంత చదువు కావాలా సార్? మా మిల్లుకు వడ్లు తెచ్చేవాళ్లు బస్తా మూతి దగ్గర మంచివి పోసి తెస్తారు. మా గుమాస్తా ఇనప గొట్టం అడుగుదాకా గుచ్చి చూస్తాడు. వాడు అయిదు కూడా చదవలేదు.”

“మరి నువ్వు వద్దని సంతకాలు తీసుకుంటున్నది ఆ గొట్టాన్నే.”

చెంచురామయ్య మొహం మాడింది. అయినా తగ్గలేదు. “అది వేరు సార్. అక్కడ రైతు కావాలనే పోస్తాడు. మోసం. ఈ కుండలో ఎవరు పోసినారు?”

ముత్యాలయ్య అతన్ని చూసిన తీరు మారింది. “అదే అడగాల్సింది. చూద్దాం.”

వరండాలో వేసవికి నీళ్లు పెట్టే కుండ ఒకటి ఖాళీగా బోర్లించి ఉంది. దాన్ని తెచ్చి బల్లమీద పెట్టారు. సుద్దముక్కలు విరిచి, కుప్పంలో ఎన్ని ఇళ్లున్నాయో అన్ని ముక్కల మీద గుర్తులు గీశారు. పిచ్చమ్మ చెప్పిన వరసలోనే వేశారు. పెదకాపు ముక్క అడుక్కి పోయింది. ఆమె ఇంటి ముక్క అన్నిటికంటే పైన పడింది.

“అక్కా, కళ్లు మూసుకుని నువ్వే తియ్యి.”

“నేనా?”

“నువ్వు పూజారితో కలిసిపోయినావని ఎవరూ అనరు గదా.”

ఆమె కొంగుతో కళ్లకు కట్టుకుని చెయ్యి పెట్టింది. వేళ్లకు తగిలింది తీసింది. ఇందిరమ్మ గుర్తు చదివింది. చెంచురామయ్య, మొహం అట్లాగే పెట్టుకుని, బోర్డు మీద రాశాడు. కుండ ఖాళీ అయ్యాక మళ్లీ అదే వరసలో నింపారు. మళ్లీ తీసింది. అట్లా గంట కొట్టాక కూడా ఎవరూ లేవలేదు. ఒకసారి ఆమె ముక్క చిట్టచివర వచ్చింది. అప్పుడు ఎవరో వెనకనుంచి మొగ, మొగ అని అరిచారు. కానీ ఎక్కువసార్లు అది మొదటే వచ్చేది, లేదా మొదటివాటిలో వచ్చేది. ఆదిశేషమ్మ ముక్కా అంతే. పెదకాపు ముక్క చాలాసార్లు చివరికే మిగిలేది. తర్వాత కుండలో చెయ్యి పెట్టి బాగా కలిపి తీయించాడు ముత్యాలయ్య. అప్పుడిక బోర్డు మీద ఎవరి ముక్కకూ ఒక స్థానమంటూ లేకుండా పోయింది.

పిచ్చమ్మ కొంగు విప్పి బోర్డు వైపు చూసింది. ఆమెకు అక్షరాలు రావు. గుర్తులు తెలుసు. తన ఇంటి గుర్తు ఎక్కడెక్కడ ఉందో, పెదకాపు గుర్తు ఎక్కడెక్కడ ఉందో చూసింది. తర్వాత తన చేతిని చూసుకుంది. వేళ్లకు సుద్ద అంటుకుని ఉంది.

“నేనెవరి గుర్తునూ తడమలేదు” అంది.

“లేదు” అన్నాడు ముత్యాలయ్య.

“మస్తానయ్య కూడా తడమలేదంటావు.”

“తడిమినాడో లేదో నేను చూడలేదక్కా. తడమకపోయినా ఇట్టాగే వస్తుందని మాత్రం చెప్పగలను.”

“అంటే దొంగ లేడు.”

“దొంగ అక్కర్లేదు.”

ఆమె గంప ఎత్తుకుని బయటికి నడిచింది. తమ్ముడి గది కాలేజీ వెనక వీధిలో ఉంది. లోపలికి రాగానే ఎండు రొయ్యల మూట తీసి వాడి వంటచోట విసురుగా పెట్టింది.

“నేను దొంగను పట్టించమని వచ్చినాను. నువ్వు దొంగను లేకుండా చేసినావు.”

“వరస చేసిందక్కా ఇది. అడుగున పడ్డవి అడుగునే ఉండాయి. ఎవరో మర్యాదకు పెట్టిన వరస. అది మీ ఇంటిని బురదలోకి తోస్తోందని వాళ్లకూ తెలిసుండదు.”

“తెలిసుండదా? ఏటా మొగలో వల దించేవాడికి తెలిసుండదా?”

“అమ్మవారి దయ అనుకొనుంటాడు.”

“అనుకుంటాడు. ఎందుకనుకోడు? దయ వాడి మీద ఉన్నప్పుడు అనుకునేదానికి ఏం కష్టం.” పిచ్చమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. “ముత్యాలూ, నాకు మనిషి కావాలరా. ఒక మనిషి మొహం కావాల, వీడురా మా నోటికాడి కూడు తీసిందని చూపించేదానికి. వరసను నేనెట్టా తిట్టేది? దానికి గొంతుంటే పట్టుకుంటా. లేదే. నా పిల్లలు పీతపిల్లల కూర తిని పెరిగినారు. మీ బావ నడుం ఆ బురదలోనే వంగిపోయింది. ఇన్నేళ్లకు నువ్వు చెప్పేది, ఎవరూ ఏం చెయ్యలేదని.”

“ఎవరూ ఏం చెయ్యలేదు గాబట్టే ఇన్నేళ్లు నడిచింది. దొంగైతే ఎప్పుడో దొరికేవాడు.”

“మరి మీ బావ అబద్ధాలకోరు.”

ముత్యాలయ్య తల అడ్డంగా ఊపాడు. “బావకు అన్యాయం జరిగిందన్నది నిజం. పూజారి చేసినాడన్నది నిజం కాదు. రెండూ కలిపి ఒకే మాటగా అన్నాడు.”

“విడదీసి అంటే ఎవరైనా వింటారా?”

“నేను వస్తా. వచ్చి చెప్తా.”

“వద్దు.” ఆమె లేచింది. “నువ్వొస్తే ముందు దొంగ లేడంటావు. అది విని వాళ్లు లేచిపోతారు. తర్వాత నువ్వు చెప్పేది నాకు, గోడకు తప్ప వినేవాళ్లుండరు. నువ్వు ఆ బియ్యం మిల్లు అబ్బయ్యకే చెప్పుకో. వాడు అడిగినంత సూటిగా నువ్వు కూడా అడగలేదు.”

అన్నం తినమని వాడు బతిమాలినా తినలేదు. సాయంత్రం బండికి వెళ్లిపోయింది.

కుండ పెట్టే రోజు పొద్దున్నే కుప్పమంతా గద్దె దగ్గర చేరింది. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. గంగులయ్య అందరికీ దూరంగా, బెండును పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు. నెల్లూరులో ఏం జరిగిందని ఆయన ఆమె తిరిగొచ్చిన రాత్రే అడిగాడు. పిచ్చమ్మ చెప్పింది. ఆయన మొదటినుంచీ చివరిదాకా విని, “అయితే మీ తమ్ముడూ వాళ్ల పక్కే” అని అటు తిరిగి పడుకున్నాడు. ఆమెకు ఆయన మీద కూడా కోపంగా ఉంది.

కామాక్షయ్య పెద్దమనిషి. తెల్లటి పంచె, చెవులకు పోగులు. ముందుకొచ్చి తన ఇంటి బెండును కుండలో వెయ్యబోయాడు.

“పెద్దయ్యా, కాస్త ఆగండి” అంది పిచ్చమ్మ. “ఒక మాట అడగాల. మస్తానయ్యన్నను.”

ఆడవాళ్లు గద్దె ముందు మాట్లాడే అలవాటు లేదు. కామాక్షయ్య చెయ్యి కుండమీదే ఆగింది. పూజారి మస్తానయ్య ఆమె వైపు చూడకుండా, “అన్నది చాలదా? ఇంకా ఏం మిగిలింది?” అన్నాడు.

“కుండలో చెయ్యి అడుగుదాకా పెడతావా అన్నా?”

“ఎందుకు పెడతా? తగిలింది తీస్తా. అమ్మ ఇచ్చింది తీసుకోవాల గాని కెలుక్కుంటామా?”

“పైన తగిలింది తీస్తావు.”

“పైనో కిందో నాకెట్టా తెలుస్తుంది? కళ్లకు గుడ్డ కట్టింది మీరే గదా.”

“సరే.” ఆమె కామాక్షయ్య వైపు తిరిగింది. “పెద్దయ్యా, ఈ ఏడు మా ఇంటి బెండు ముందు వెయ్యండి. మీది చివర వెయ్యండి.”

ఒక్కసారిగా మగవాళ్లలో గోల లేచింది. నోరు ముయ్యమని ఒకరు, మొగుణ్ణి అనాలని ఒకరు. కామాక్షయ్య చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. ఆయన గొంతు పెద్దది కాదు. కోపమొస్తే ఇంకా తగ్గుతుంది.

“మా తాత నాటినుంచి మా బెండు ముందు పడుతోంది. నీ మామ ఈ ఊరికి తడిబట్టతో వచ్చినాడు. మా నాయన చోటిచ్చినాడు. తెలుసా నీకు?”

“తెలుసు. ఆ చోటులోనే ఇల్లేసుకున్నాం. నేనడిగేది వేరే. బెండు ముందు పడినా, చివర పడినా ఒకటే గదా? తీసేది అమ్మ గదా? మరి మాది ముందు వేస్తే మీకు పోయేదేంది?”

“మర్యాద పోతాది.”

“మర్యాద గద్దె దగ్గర తీసుకోండి. హారతి ముందు తీసుకోండి. ముంత కల్లు ముందు తీసుకోండి. ఎవరడ్డం వచ్చినారు? మొగ కూడా మర్యాదలో భాగమేనా?”

“మొగ నాకు నేనిచ్చుకున్నానా? కుండ ఇచ్చింది.”

“కుండలో అడుగున ఉండేది చివరికి మిగుల్తుంది పెద్దయ్యా. మీ బెండు అడుగున ఉంటుంది. మాది పైనుంటుంది. పైనుండేది మస్తానయ్యన్న చేతికి ముందు తగుల్తుంది. ఆయన తప్పేం లేదు. నేను కళ్లకు కట్టుకుని తీసి చూసినాను. నా చేత్తో నేనే నా ఇంటిని బురదలో వేసుకున్నాను. మళ్లీ మళ్లీ వేసుకున్నాను.”

ఆడవాళ్ల పక్కనుంచి ఆదిశేషమ్మ, ముసలి మనిషి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు, “మా ఆయన బతికుండంగా ఎన్నిసార్లు మొగ చూసినాం? నాకైతే గురుతు లేదు” అంది. పాతిళ్ల మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గుర్తుచేసుకుంటున్నారు.

కామాక్షయ్య అది చూశాడు. “నేను దొంగనంటావా?”

“అననయ్యా. అనాలనే ఉండింది. ఇన్నేళ్లూ ఇంట్లో అంటానే ఉండా. ఇప్పుడు అనేదానికి లేకుండా పోయింది. ఆ కోపం నాకు మీకంటే ఎక్కువుంది.” “వరస మార్చకూడదంటే కుండ కలపండి. కుండ కదపకూడదంటే వరస మార్చండి. రెండూ కూడదంటే మాత్రం అది అమ్మ ఇచ్చేది కాదు, మీరు తీసుకునేది.”

“కుండ కదిపితే అమ్మకు కోపమొస్తుంది” అన్నాడు ఒక పాతింటి మనిషి.

“రానీ అన్నా. మాకొచ్చింది ఎవరు చూసినారు?”

మస్తానయ్య గుడ్డను చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. తర్వాత కామాక్షయ్యతో నెమ్మదిగా, “బెండ్లన్నీ పడినాక, గుడ్డ కట్టే ముందర ఒకసారి కలిపితే నామీద కూడా మాట రాకుండా ఉంటుంది” అన్నాడు.

కామాక్షయ్య చేతిలోని బెండును బిగించి పట్టుకుని సరస్సు వైపు తిరిగాడు. ఇటు తిరిగినప్పుడు ఆయన గొంతు దాదాపు వినపడనంత తగ్గింది.

“కుండ సంగతి మస్తానయ్య ఇష్టం. వరస మారదు. కానీ ఆయన్ను నీ మొగుడు దొంగన్నాడు. నువ్వే ఇప్పుడు కాదంటుండావు. దీపం పట్టుకుని చెప్పకపోతే మీ బెండు పడదు. ఆ మాటలో మార్పు లేదు.”

అందరూ గంగులయ్య వైపు చూశారు.

“పట్టను” అన్నాడు గంగులయ్య. “నా నడుం చూడండి. దీన్ని వంచింది ఎవరో చెప్పండి, దీపం పట్టుకుంటా. ఎవరూ కాదంటుండారు గదా. నేను కూడా ఎవరికీ తప్పైందని చెప్పను.”

“అయితే బెండు ఇంటికి తీసుకుపో.”

గంగులయ్య కదిలాడు. పిచ్చమ్మ ఆయనకు అడ్డంగా వెళ్లి, పిడికిట్లోంచి బెండు లాక్కుంది. ఆయన విడవలేదు, ఆమె రెండు చేతులతో లాగింది. బెండు చేతికి వచ్చాక గద్దె దాకా నడిచి, కామాక్షయ్య ఎదురుగా నిలబడింది. ఇద్దరి మధ్యా కుండ ఉంది.

“దీపం ఇటివ్వండి. మా ఇంటి తరఫున నేను పట్టుకుంటా. మస్తానయ్యన్న దొంగ కాదని నేను చెప్తా. చెప్పినాక ఆ కుండలో చెయ్యి పెట్టి కలిపేది కూడా నేనే.”